నేను దించిన శ్రుతి

మొన్న ఆదివారం మధ్యాహ్నం, బెంగళూరులో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు భోజనాల దగ్గర ఫోను నా కంచం పక్కన పెట్టి, చూడు పెదనాన్నా, మనూళ్ళ వైపు కూడా వస్తున్నారు, అంది. ఊదా రంగు మీద పసుపు అక్షరాలతో ఎవరో కుర్రకారు తమ సొంత పాటల కార్యక్రమాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వేసుకున్నారు. వచ్చే శనివారం చిక్కబళ్ళాపురం, ఆ పై వారం బాగేపల్లి, నెలాఖరుకు చింతామణి. మూడూళ్ళూ అవే, వరస కూడా అదే. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పిల్ల నా ముఖం చూసి ఊరుబిండి పచ్చడిలో కారం ఎక్కువైందనుకుని మజ్జిగ పోసింది. మన వయసువాళ్ళకు అదొక సౌకర్యం. కళ్ళల్లో నీళ్ళు కనబడితే ఇంట్లోవాళ్ళు కారం మీదికో, రాబోయే కంటి ఆపరేషను మీదికో తోసేస్తారు, మనం చెప్పుకోవలసిన పని ఉండదు.

చెప్పుకోవలసిన పని ఇన్నేళ్ళూ లేకపోయింది గనకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అది రెండువేల ఐదో ఆరో. అప్పటికింకా చిక్కబళ్ళాపురం జిల్లా కాలేదు, మేమంతా కోలారు కిందే ఉండేవాళ్ళం. క్యాసెట్లు పోతూ సీడీలు వస్తూ ఉన్న రోజులు. ఏ అంగడికి వెళ్ళినా రెండూ పక్కపక్కనే, అత్తా కోడళ్ళలాగా ముఖాలు తిప్పుకుని కూర్చునేవి. నేను చింతామణిలో ఒక కంప్యూటర్ సెంటరులో పిల్లలకు టైపింగు నేర్పేవాణ్ణి. పొద్దున ఒక కీబోర్డు, సాయంత్రం ఇంకొక కీబోర్డు. మొదటిదాని మీద తప్పు పడితే చెరపడానికి ఒక మీట ఉండేది. రెండోదాని మీద అలాంటి మీట లేదన్న సంగతి అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

సాయంత్రం కీబోర్డు మా పాటల బృందంలో. బృందమంటే మేము నలుగురమే. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, సర్కారు బడిలో చిన్న పిల్లలకు టీచరు, మాకు గాయని. ఆమె భర్త, మా బావ, గోడల మీదా రేకుల మీదా బోర్డులు రాసే పెయింటరు. పాటలు కట్టేదీ, గిటారు వాయించేదీ ఆయనే. మా మేనమామ షామియానాలు, మైకులు, జనరేటరు బాడిగకిచ్చే టెంటు హౌసు నడిపేవాడు, మాకు దరువు ఆయనది. నాలుగోవాణ్ణి నేను. మా నాన్నకు నా సంగీతం మీద గొప్ప అభిప్రాయమేమీ లేదు. వీడికి తెలిసిన తాళం ఇంటి తాళమొక్కటే, అదీ సరిగ్గా వెయ్యడు, అనేవాడు.

బృందానికి గడిగీత అని బావ పేరు పెట్టాడు. గడి అంటే మా వైపు సరిహద్దు, గీత అంటే గీసేదీ పాడేదీ రెండూ, బోర్డులు రాసేవాడికి ఇంతకన్నా మంచి పేరు దొరకదని ఆయన మురిసిపోయాడు. సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలు అప్పట్లో ఊరికి రెండు ఉండేవి. మేము సినిమా పాట ఒక్కటీ ముట్టేవాళ్ళం కాదు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, అక్కడక్కడ కన్నడం కలిపి, బస్సుల మీదా బోరుబావుల మీదా టమాటా బుట్టల మీదా బావ కట్టిన పాటలే పాడేవాళ్ళం. జనం వింటారు, తలకాయలూపుతారు, చివర్లో మాత్రం ఎవరో ఒక పెద్దాయన మామ దగ్గరికి వస్తాడు.

"బాగుండాదప్పా పాట. ఏ సినిమాదిది?"

"సినిమాది కాదన్నా. మా అల్లుడు రాసిండేది."

"అట్లనా! మరి ఆ సినిమా ఎప్పుడొస్తాది?"

ఇలా ఒక రెండేళ్ళు రాని సినిమాకు పాటలు పాడుకుంటూ గడిపాక, ఆ ఏడు వేసవి ముందు ఒకేసారి మూడు కార్యక్రమాలు కుదిరాయి. చిక్కబళ్ళాపురంలో ఒక యువక సంఘం వాళ్ళది, బాగేపల్లిలో వర్తకులది, ఆఖరుది మా చింతామణిలోనే ఒక కల్యాణ మంటపంలో. ఈ చింతామణి కార్యక్రమానికి బెంగళూరు నుంచి స్టూడియో ఉన్న మనిషి ఒకాయన వస్తానన్నాడు. నచ్చితే అక్క చేత పాడించి సీడీ వేస్తానని మాట. అక్క ఆ మాటను బడిలో ఎవరికీ చెప్పలేదు గానీ, ఇంట్లో పిండి జల్లెడ పడుతూ ఒక్కతే నవ్వుకునేదని బావ చెప్పాడు. అప్పటికామెకు ముప్ఫై ఆరేళ్ళు. ఇంకొక పిలుపు వస్తుందని నమ్మే వయసు కాదు.

మూడూళ్ళ గోడల మీదా బావే రాశాడు, తెల్ల సున్నం కొట్టి నీలం రంగుతో, మూడు తేదీలూ ఒకదాని కింద ఒకటి. ఆయనకొక పట్టింపు ఉండేది. గోడ మీద రాసిన కార్యక్రమాన్ని రాసిన చెయ్యి తుడవకూడదు. తుడిస్తే ఆ చెయ్యి మళ్ళీ తిరగదని ఆయన గురువు చెప్పాడట. మామూలుగా నవ్వుకునే మాటే. ఆ నెలలో మాత్రం, చింతామణి బస్టాండు దగ్గర ఆ గోడ ముందునుంచి పోతున్నప్పుడల్లా, ఆ మూడు వరసలూ మా కార్యక్రమాల్లాగా కాక ఎవరో మాకు పెట్టిన గడువులాగా కనబడేవి.

ఎందుకంటే, అక్క గొంతులో ఏదో జరుగుతోందని అప్పటికే నాకు తెలుసు.

మా పాటల్లో బోరుబావి పాట ఒకటి ఉండేది. బోరు దిగేకొద్దీ స్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగి, నీళ్ళు లేవని తెలిశాక ఒక్కసారి ఆకాశంలోకి లేచి "యాడుండావే వానమ్మా" అని పిలుస్తుంది. ఆ "యాడుండావే" దగ్గర అక్క గొంతు నిలిచినంతసేపూ కింద కూర్చున్నవాళ్ళు తలలెత్తి పైకి చూసేవాళ్ళు, నిజంగా మబ్బేదైనా వచ్చిందేమోనన్నట్టు. మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున, బావ పెయింటు గదిలో సాధన చేస్తుంటే, ఆ పిలుపు దగ్గర గొంతు జారింది. దగ్గి మళ్ళీ పాడింది. మళ్ళీ జారింది. రోజంతా నలభై మంది పిల్లల మీద అరిచే గొంతు, పైగా రోడ్డు వెడల్పు చేస్తున్న దుమ్ము, ఏదో అయివుంటుందిలే అన్నాడు బావ. అక్క నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తన గొంతును తనే వేళ్ళతో ఒకసారి తడుముకుంది, చీకట్లో గోడ మీద స్విచ్చు వెతుకుతున్నట్టు.

శ్రుతి కాస్త దించి పాడితే సరిపోయేది. ఆ మాట ఆమెతో అనగల మొనగాడు మాలో లేడు. అంతకు ముందేడు ఒక ఆర్కెస్ట్రా గాయని శ్రుతి తగ్గించుకుని పాడిందని తెలిసి అక్క ఏమందో మా ముగ్గురికీ గుర్తుంది: "అట్ల దించుకోని పాడేదానికంటే నోరు మూసుకోని రాగిముద్ద కెలుక్కుంటే మేలు గదప్పా."

అందుకని చెప్పకుండా నేనే దించాను.

ఎలాగంటే, మా నలుగురికీ ఆధారం నా కీబోర్డే. కార్యక్రమానికి ముందు బావ నా పక్కకు వచ్చి "సా ఇయ్యి బామ్మర్దీ" అంటాడు. నేను మీట నొక్కితే దానికి గిటారు తీగలు బిగించుకుంటాడు. అక్క కూడా ఆ సా అందుకునే పాడుతుంది. ఇంట్లో శ్రుతిపెట్టె లేదు. మామ డప్పులకు శ్రుతితో పని లేదు. అంటే నేను ఏది సా అంటే అదే సా. నా బతుకులో అంత అధికారం నాకు మరెక్కడా దక్కలేదు. కీబోర్డు మీద ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కితే మొత్తం శ్రుతి అర మెట్టు కిందికి దిగుతుంది, పక్కనున్న చిన్న కిటికీలో ఎర్ర అంకె వెలుగుతుంది: మైనస్ ఒకటి. ఆ మరుసటి ఆదివారం వాళ్ళు రాకముందే నొక్కి కూర్చున్నాను. వానమ్మ పిలుపు నిలిచింది. అక్క ముఖం విప్పారింది.

"చూస్తివా తమ్ముడా, ఈపొద్దు గొంతు ఎట్ల పలుకుతాండాదో! ఊరికే బయపడితిమి."

బాగుందక్కా, అన్నాను. ఆ ఎర్ర అంకె ఎవరి కంటా పడకుండా కిటికీ మీద కరెంటు పనులకు వాడే నల్ల టేపు ముక్క ఒకటి అంటించాను. అడిగితే వెలుగు కంట్లో పడుతోందని చెప్పాలనుకున్నాను. ఎవరూ అడగలేదు. నన్ను అనుమానించేంత గొప్పవాడిగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

చిక్కబళ్ళాపురం కార్యక్రమానికి రెండు నొక్కవలసి వచ్చింది. పాట బాగా వచ్చింది, ఈలలు వేశారు. తిరుగు బస్సులో అక్క కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. పల్చని దగ్గు ఒకటి, ఉండీ ఉండీ, ఖాళీ డబ్బాలో గులకరాయి దొర్లినట్టు వినబడుతూనే ఉంది. మాట్లాడబోతే మొదటి మాట రావడం లేదు, రెండో మాట నుంచి వస్తోంది. బడిలో పిల్లలు నిశ్శబ్దంగా కూర్చుంటున్నారట, టీచరమ్మ అరవడం మానేసి డస్టరుతో బల్ల మీద కొడుతోందని. పిల్లలు భయపడుతున్నారని ఆమె నవ్వుతూ చెప్పింది. నాకూ భయమేసింది, నవ్వు మాత్రం రాలేదు.

ఆ వారమే బావకు ఏదో బోర్డు పనుండి, గొంతు డాక్టరు దగ్గరికి అక్కను నేను తీసుకెళ్ళాను. ఆయన పెద్దాయన, మంచివాడు, కన్నడంలో నెమ్మదిగా మాట్లాడతాడు. చిన్న అద్దం పెట్టి చూడబోతే అక్కకు ఓకరింపు వచ్చి సరిగ్గా చూడనివ్వలేదు. ఆయన అద్దం పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడిగాడు. పాడేవాళ్ళు గనుక అడుగుతున్నానమ్మా, మునుపు అందుకునే పై స్వరం ఇప్పుడూ అందుతోందా? అది అందుతుంటే అలసట, మాత్రలకు తగ్గిపోతుంది. అది అందకపోతే మాత్రం ఈ క్షణమే పాట ఆపాలి, లోపల ఏదో ఉన్నట్టు, బెంగళూరు పోయి చూపించుకోవాలి.

అక్క వెన్ను నిటారు చేసుకుని చెప్పింది, మొన్ననే పాడానండీ, ఎప్పటి శ్రుతిలోనే, ఏ ఇబ్బందీ లేదు.

పక్కనే బల్ల మీద నేను కూర్చుని ఉన్నాను. మధ్యలో ఒక జానెడు ఎడం. నా నోట్లో మాట ఉంది. చెబితే అక్క ముందు నా దొంగతనం బయటపడుతుంది, బాగేపల్లి పోతుంది, బెంగళూరాయన పోతాడు, పిండి జల్లెడ దగ్గర ఆ నవ్వు పోతుంది. ఇంకా రెండే కదా, ఆ తర్వాత విశ్రాంతి తీసుకుంటుంది కదా, అనుకున్నాను. డాక్టరు మాత్రలు రాసి, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. చీటీ నేనే అందుకున్నాను. బయటికొచ్చాక అక్క నాకు బాదంపాలు కూడా ఇప్పించింది, పని మానుకుని వచ్చినందుకు.

బాగేపల్లి సంగతి చెప్పాలంటే నాకిప్పటికీ గాలి గుర్తొస్తుంది. సాయంత్రం నాలుగింటికే వేదిక వెనక షామియానా గుడ్డ తెరచాపలాగా ఉబ్బి కొట్టుకుంటోంది. హైవే మీద పోయే లారీల దుమ్మంతా మా వైపే. వేదికకు ఎదురుగా గోడ మీద బావ రాసిన మూడు వరసలు. చిక్కబళ్ళాపురం వరస మీద ఎవరో పేడతో పిడక కొట్టి ఎండబెట్టారు. మామ చూసి, ఒకటి అయిపాయ, అని నవ్వాడు. ఆ రోజు మూడు నొక్కాను. బోరుబావి పాటలో దిగుడు స్వరాలు ఎంత కిందికి పోయాయంటే, అక్క గొంతు అడుగున వట్టి గాలి వినబడింది, నీళ్ళు లేని పైపులోంచి వచ్చేలాంటి గాలి. జనానికి అది పాటలో భాగమే అనిపించింది. చప్పట్లు కొట్టారు. ఏ సినిమా అని కూడా అడిగారు.

చింతామణి అంటే తలచినది ఇచ్చే మణి అంటారు. మా ఊరు మాకిచ్చింది సగమే. మణి తీసుకుని చింత వదిలిపెట్టింది.

కార్యక్రమం సాయంత్రం ఐదింటికి. బెంగళూరాయన రెండో వరసలో, తెల్ల చొక్కా, ఒళ్ళో చిన్న పుస్తకం. టేపు మిషనేమీ తేలేదు, ముందు విని చూస్తానన్నాడు. నేను ముందుగానే వెళ్ళి, ప్లగ్గు పెట్టి, నాలుగుసార్లు నొక్కి, బావకు సా ఇచ్చాను. మొదటి మూడు పాటలూ అయ్యాయి. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. బోరుబావి పాట మొదలుపెడదామనేసరికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వింతేమీ కాదు, ఉండటమే వింత. కిటికీల్లోంచి ఇంకా ఎండ పడుతోంది, చీకటి కూడా కాలేదు. మామ బయటికి పరుగెత్తి జనరేటరు తాడు లాగాడు, అది దగ్గి దగ్గి అందుకుంది. పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాల్లో చల్లారిన జనాన్ని మళ్ళీ కూర్చోబెట్టాలన్న తొందర అందరిదీ. బావ తీగలు ఒకసారి సరిచూసుకుందామని ఎప్పటిలాగే నా పక్కకు వంగాడు.

"సా ఇయ్యి బామ్మర్దీ, బిన్నా."

నొక్కాను. ఆయన బిగించుకున్నాడు, తీగలు వదులయినాయి, అని సణిగాడు కూడా.

కరెంటు పోయి వస్తే ఆ కీబోర్డు అన్నీ మరిచిపోయి సున్నా దగ్గర లేస్తుంది. నాకది తెలుసు, ప్రతిసారీ మొదట్నుంచి నొక్కుకునేది నేనే. ఎర్ర అంకె కనబడుతుంటే గుర్తొచ్చేదే. దాని మీద నల్ల టేపు ఉంది.

అక్క మొదలుపెట్టింది. శబ్దం తేటగా, కాస్త వెలుగొచ్చినట్టు వినబడింది. కరెంటొచ్చిన సంతోషం అనుకున్నాను, చూడండి నా చెవి. లోతుకు, ఇంకా లోతుకు దిగింది. రెండో వరసలో ఆయన కలం ఆపి తలెత్తాడు. అక్క ఆయన్ను చూసింది, ఊపిరి నిండా తీసుకుంది, ఏ అనుమానమూ లేకుండా, నెల రోజులుగా ఒక్కసారి కూడా తప్పని పిలుపు కదా, పైకి లేచింది.

యాడుండావే అన్న మాటలో మొదటి అక్షరం వినబడింది. ఆ తర్వాత ఆమె నోరు తెరిచే ఉంది, మెడ నరాలు లేచే ఉన్నాయి, శబ్దం లేదు. జనం మైకు పోయిందనుకున్నారు. "మైకు, మైకు!" అని వెనక నుంచి అరుపులు. మామ వచ్చి మైకు మీద వేలితో కొట్టాడు. టక్ టక్ అని హాలంతా మోగింది. మైకు బాగానే ఉంది. అక్క నా వైపు తిరిగింది, స్వరం తప్పితే ఎప్పుడూ నా వైపే తిరుగుతుంది, సా కోసం. నేను నొక్కాను. అప్పుడు విన్నాను, అది ఏ సానో.

బెంగళూరులో పెద్ద డాక్టర్లు చూసి, గొంతులో ముందునుంచీ ఉన్న పుండు ఆ రోజు చిట్లిందన్నారు. ఆపరేషను, నెల రోజులు మౌనం. గుసగుస కూడా కూడదు. ఎప్పటినుంచి పై స్వరం అందడం లేదని వాళ్ళూ అడిగారు. ఆ రోజుదాకా అందిందని అక్క కాగితం మీద రాసిచ్చింది.

ఆ మౌనపు నెలలోనే ఒక మధ్యాహ్నం వెళ్ళి ఆమెకు చెప్పాను. తిట్టలేని సమయం చూసుకుని వెళ్ళానని మీరనుకుంటే, అవును, అలాగే వెళ్ళాను. ఆమె చేటలో చెనిక్కాయలు ఒలుస్తోంది. మీట సంగతి, నల్ల టేపు సంగతి, డాక్టరు దగ్గర బల్ల సంగతి, అంతా చెప్పాను. కాయలు చిట్లే చప్పుడు ఒక్కటే జవాబు. చేట నిండాక తలెత్తి, ఒక వేలు చూపింది. నేను తల అడ్డంగా ఊపాను. రెండు చూపింది. మూడు చూపింది. నాలుగో వేలు లేచినప్పుడు తల దించుకున్నాను. తన నాలుగు వేళ్ళనూ ఆమె కాసేపు అలా చూసుకుంది, ఎవరివో అయినట్టు. తర్వాత చెయ్యి దించి, ఇంకొక గుప్పెడు కాయలు చేటలో పోసుకుంది.

నెల తర్వాత గొంతు వచ్చింది, గరుకుగా, సన్నగా. నాతో ఆమె అన్న మొదటి మాట "తింటివా?" అని. దాని గురించి ఆ తర్వాత ఒక్క మాటా లేదు, ఈనాటికీ లేదు. బావకూ చెప్పలేదని ఆయన నన్ను చూసే చూపు బట్టి తెలుస్తుంది. పాఠాలు చెప్పడం కుదరక ఆమె ఆఫీసు పనికి మార్పించుకుంది. పాడటం మాత్రం, దేవుడి గదిలో హారతి పాట కూడా లేదు. గోడల మీద చింతామణి వరస రెండు వానలకు గానీ పోలేదు. ఆ తర్వాత ఫ్లెక్సులు వచ్చి బావ చేతికీ పని లేకుండా పోయింది.

ఇప్పటి పిల్లలు వేదిక మీదే మైకులో చెప్పేస్తారు, ఈరోజు గొంతు బాగాలేదు, రెండు మెట్లు దించి పాడతాం అని, వినేవాళ్ళు దానికీ చప్పట్లు కొడతారు. ఎంత సుఖంగా ఉంది ఆ మాట. శ్రుతి దించడం పరువు దించడమని మనకెవరు నేర్పారో, ఒకరి పరువును వాళ్ళకు తెలియకుండా మనమే కాపాడాలని ఇంకెవరు నేర్పారో గానీ, ఆ రెండు చదువులూ మన తరంతోనే పోతే మంచిదే. సీడీ వస్తుందిలే అన్న ధీమాతో మేము ఒక్క పాటా టేపు మీద పట్టుకోలేదు. ఇంక ఆమె పాట ఎక్కడైనా ఉందీ అంటే విన్నవాళ్ళ జ్ఞాపకంలోనే ఉండాలి. ఈ వయసులో ఒక్కొక్కప్పుడు కళ్ళు మూసుకుని వానమ్మ పిలుపు తలుచుకుంటాను. వినబడుతుంది, ఎక్కడా జారకుండా, నిండుగా. కాని అది ఎప్పుడూ నేను దించిన శ్రుతిలోనే వినబడుతుంది. అక్క తన సొంత శ్రుతిలో ఎలా పాడేదో, ఎంత ప్రయత్నించినా, నాకు గుర్తు రావడం లేదు.